గరిటెత్త బతిమాలదు

నమోదు 1

భోజనశాల చూసుకునే టీచరు రోజూ నాలుగు ముక్కలు ఈ పలక మీద రాయాలని నియమం. వంట ఎలా ఉంది, పిల్లలు తిన్నారా, నేల తడిగా ఉందా, అంతే. నాకంటే ముందు ఈ పని చేసినావిడ ఏడాది పొడుగునా "అంతా బాగుంది" అని ఒకే మాట రాసి చేతులు దులుపుకుంది. నాకు ఆ విద్య చేతకాదు. నా పేరు ఇందుమతి. మూడో తరగతికి లెక్కలు చెబుతాను. నోరు కాస్త పెద్దదని మా తెప్ప మీద అందరూ అంటారు. ఎవరూ చదవని చోట ఆ నోటిని అదుపులో పెట్టుకోవాల్సిన అవసరం నాకు కనబడలేదు.

నేల తడిగానే ఉంది. ఊళ్ళకి ఊళ్ళు సముద్రంలో కలిసిపోయి, మనుషులు సముద్రం మీదే తెప్పలు కట్టుకుని బతుకుతుంటే నేల తడిగా ఉండక ఏమవుతుంది?

ఈ నీటిపట్నంలో ఏ దేశం తెప్ప ఆ దేశానిది. వంట మాత్రం అందరికీ కలిపి నడి తెప్పలో. ఇళ్ళల్లో పొయ్యి వెలిగించకూడదు. పెద్దవాళ్ళకి పూటకింత గంజి ఇంటికి పంపుతారు. పిల్లల తిండి బడిలోనే. ఎవరి పిల్లలకి ఎలా పెట్టాలో ఆ దేశం వాళ్ళే చెప్పుకోవచ్చని మొదట్లోనే ఒప్పందం జరిగింది. జపాన్ వాళ్ళు తమ భోజనశాలలోకి యంత్రాన్ని రానివ్వలేదు. వాళ్ళ పిల్లలే తెల్ల గుడ్డలు కట్టుకుని, వంతులవారీగా తోటి పిల్లలకి వడ్డిస్తారు, తిన్నాక తామే తుడుస్తారు. ఫిన్లాండ్ పిల్లలు గిన్నెల దగ్గరికి నడిచి వెళ్ళి కావలసింది తామే వేసుకుంటారు. ఫ్రాన్స్ పిల్లలకి ఒకటి తిన్నాక ఒకటి తీరిగ్గా వస్తుంది, కబుర్లాడుతూ తింటారు. నార్వే వాళ్ళు ఇంటి నుంచి రొట్టె డబ్బా తెచ్చుకుంటామని పట్టుబట్టి దాచుకోవడానికి చల్లటి గదులు సంపాదించారు.

మన పెద్దలు అడిగింది మూడు ముక్కలు. వేడిగా ఉండాలి, పిల్లలందరినీ ఒకే బంతిలో కూర్చోబెట్టాలి, వడ్డించాలి. అడిగింది అడిగినట్టే ఇచ్చారు. వడ్డించడానికి ఒంటి చేతి ఇనప యంత్రాన్ని పంపారు. పిల్లలు దానికి గరిటెత్త అని పేరు పెట్టి వరస కలిపేసుకున్నారు.

నమోదు 2

గరిటెత్త మొదటిసారి వచ్చి ఒక్కో పళ్ళెంలో కిచిడీ వేసి పోతుంది. పిల్లలు అది తిన్నాక రెండోసారి వస్తుంది. గరిటె పట్టుకుని ప్రతి పిల్ల ముందూ ఆగుతుంది. పళ్ళెం చాపితే వేస్తుంది. చెయ్యి అడ్డం పెడితే పక్క పిల్ల దగ్గరికి జరుగుతుంది.

ఇవాళ పనిగట్టుకుని చూశాను. బంతి బంతంతా చెయ్యి అడ్డం పెట్టింది. చివర్న కూర్చునే పోలమ్మ, మేం పోలి అంటాం, నా తరగతి పిల్లే. అది కూడా చెయ్యి అడ్డం పెట్టింది. కళ్ళు మాత్రం వెళ్ళిపోతున్న గరిటె వెనకాలే తలుపు దాకా వెళ్ళాయి.

"ఆకలి లేదేటే?" అని అడిగాను.

"ఉందండి."

"మరి చెయ్యెందుకు అడ్డం పెట్టీసేవు?"

"అడగ్గానే పెట్టించీసుకుంటే ఆబగా ఉంటాదండి. మా అమ్మ సెప్పింది. రెండోపాలి బతిమాల్తారు, అప్పుడు పెట్టించుకోవాల."

"మరి గరిటెత్త బతిమాలిందేటి?"

"లేదండి. ఎళిపోద్ది."

ఎవరినని తిట్టను? మన ఇళ్ళల్లో చెయ్యి అడ్డం పెట్టిన పిల్లని వదిలేసి ముందుకు పోయే అత్తని నేను చూడలేదు. "ఒక్క గరిటే అమ్మా, నా మాట తీసెయ్యకు" అంటూ వేళ్ళ సందుల్లోంచైనా వేస్తుంది. మొహమాటం ఒకరిది, బలవంతం ఒకరిది, రెండూ కలిస్తేనే మనవాళ్ళ కడుపు నిండేది. పెద్దలు ఒప్పందంలో వడ్డించాలని రాయించారు గానీ బతిమాలాలని రాయించలేదు. అన్నం పెట్టడమంటే బతిమాలడమేనని వేరే చెప్పాలని ఎవరికి తోస్తుంది?

నమోదు 5

ఇంకో సంగతి ఇప్పుడు బయటపడింది. పిల్లలు వద్దన్న కొద్దీ గరిటెత్త నేర్చుకుంటోందట. వీళ్ళకి ఇంతే చాలు కాబోలని వారం వారం మొదటి వడ్డన కూడా తగ్గిస్తూ వస్తోంది. మొదట్లో నిండు గరిటెడు వేసేది, ఇవాళ ముప్పావు గరిటె కూడా లేదు. మిగిలింది వృథా పోనివ్వరు, పళ్ళెం చాపిన తెప్పలకి పంపుతారు. మా పిల్లల మర్యాదంతా పక్క దేశాల పిల్లల పళ్ళేల్లో పడుతోంది. తినే పిల్లల తప్పేమీ లేదు. అయినా ఆ తెప్పల పక్కనుంచి పోతుంటే కడుపు మండింది.

నెలవారీ తూకం ఇవాళే. చాలామంది తగ్గారు. పోలి అందరికంటే ఎక్కువ తగ్గింది. తూకం పలక మీద ఎర్ర గీత ఒకటి ఉంటుంది. దానికి దిగువకి పోయిన పిల్లని ఆస్పత్రి ఓడకి పంపేస్తారు. ఆ ఓడ ఇక్కడే ఉండదు, తెప్పల చుట్టూ తిరిగి మళ్ళీ వచ్చేసరికి ఒక రుతువు గడుస్తుంది. తల్లుల్ని ఎక్కనివ్వరు. పోలి ఇవాళ గీతని ఆనుకుని నిలబడింది. అలాంటి పిల్లని వారం తిరక్కుండా మళ్ళీ తూస్తారు.

నా పళ్ళెంలోంచి పెడదామంటే ఒప్పుకోరు. రెండేళ్ళ కిందట అంటువ్యాధి పాకినప్పటి నుంచి భోజనశాలలో టీచర్లు తిండిని ముట్టకూడదు.

నమోదు 6

పోలి వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మ పేరు దానమ్మ. ఉప్పునీటిని మంచినీళ్ళు చేసే చోట పని చేస్తుంది. మొగుడు తెప్ప ఎక్కకుండానే పోయాడు. ఇంట్లో ఉన్నది ఇద్దరే. తన గంజిలో సగం పోలికే పోస్తోందని ఆమె బుగ్గలు చూస్తేనే తెలుస్తోంది.

"పిల్లకి చెప్పు దానమ్మా, యంత్రం దగ్గర చెయ్యి తియ్యమని," అన్నాను.

ఆమె చాపకి ఉన్న పీచు పీకడం మొదలుపెట్టింది.

"మనవేటి మన ఊళ్ళో ఉన్నామా టీచరమ్మా? పరాయోళ్ళ నీళ్ళ మీదున్నాం. ఆకలిగొట్టోళ్ళు ఎగబడి వచ్చీసేరు అనుకోరా? నా గుంటని ఎవులూ అలగ అనకూడదు."

"అనుకుంటే అనుకోనీ. గీత దిగితే ఓడెక్కించేస్తారు."

"ఒద్దమ్మా, ఆ మాటనకు."

అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే నాకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, "ఇంత గంజి తాగండి" అంది. వద్దన్నాను. ఒకసారి కాదు, నాలుగుసార్లు బతిమాలింది. ఆమె వాటాలో మిగిలిన ఆ కాస్త గంజినీ నా చేత తాగించే దాకా ఊరుకోలేదు. తాగి బయటికి వచ్చాక నా మీద నాకే అసహ్యం వేసింది.

నమోదు 8

నడి తెప్పలో ఆహార సభ పెద్ద హెన్రిక్ గారిని కలిశాను. ఉత్తరాది దేశపు మనిషి, పొడుగ్గా, నెమ్మదిగా ఉంటాడు. మాట మార్చి వినిపించే యంత్రపు ముక్క ఒకటి ఇద్దరం చెవిలో పెట్టుకున్నాం. ఆ ముక్కకి తెలుగు నేర్పిన మహానుభావుడెవరో గానీ, పాత పుస్తకాలు తప్ప ఏమీ చదివినట్టు లేడు.

"కాఫీ సేవింతురా?" అంది నా చెవిలో.

కాఫీ వాసన చూసి ఎన్నేళ్ళయిందో. "వద్దండీ, ఇప్పుడే తాగి వచ్చాను," అన్నాను.

ఆయన తల ఊపి, తన ఒక్కడికే పోసుకుని తాగడం మొదలుపెట్టాడు. గదంతా ఘుమఘుమలాడిపోయింది. దేని గురించి ఫిర్యాదు చెయ్యడానికి వచ్చానో అదే నేను ఆయన ఎదురుగా చేసి చూపించాను. ఉండబట్టలేక చెప్పేశాను.

"చూశారా, నాకు ఇప్పుడు కాఫీ కావాలి. కావాలనే వద్దన్నాను. మా పిల్లలూ ఇంతే."

"అటులైన తాము అసత్యము పలికితిరా?"

"అసత్యం కాదండీ, మర్యాద. మీరు మళ్ళీ అడగాలి."

ఆయన కప్పు కింద పెట్టాడు. వెటకారం చేస్తాడనుకున్నాను, చెయ్యలేదు.

"మా దేశమున ఒకప్పుడు బిడ్డలను బలవంతముగా తినిపించెడివారు. పళ్ళెము ఖాళీ అగువరకు లేవనిచ్చెడివారు కారు. నన్నునూ అట్లే చేసిరి. బిడ్డ వలదనిన వినవలెనని మేము ఎంతయో పోరి సాధించితిమి. ఇప్పుడు తాము వినవలదనుచున్నారు."

ఆయన చెప్పింది తప్పు కాదు, నేను చెప్పింది తప్పు కాదు, మధ్యలో పోలి చిక్కిపోతోంది.

వాటాలు ఖాయం చేసే సభ దగ్గర పడింది. ఇప్పుడు తగ్గిన వాటా ఖాయమైతే మళ్ళీ ఒప్పందం దాకా, అంటే ఏళ్ళ తరబడి, అదే నిలుస్తుంది. ఆ రోజు మధ్యాహ్నమే ఒక పరీక్ష పెడతామన్నాడు. పిల్లలు రెండో వడ్డన తీసుకుంటే పాత వాటా ఆ రోజు నుంచే తిరిగి ఇస్తారు. పోలి తూకం అయిదు రోజులు ఆపిస్తానని కూడా మాటిచ్చాడు, మంచివాడే.

"పరీక్ష మీ ఇనుము చేత పెట్టించకండి," అన్నాను కోపంగా. "మనిషి ఎదురుగా నిలబడి చూస్తే తెలుస్తుంది ఏ పిల్ల ఎంత ఆకలితో ఉందో."

"తమ కోరిక న్యాయమైనది," అన్నాడు. వచ్చేటప్పుడు, "ఇప్పుడు కాఫీ కావలయునా?" అని అడిగాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. నాకు పౌరుషం అడ్డొచ్చి అక్కర్లేదన్నాను.

నమోదు 9

లెక్కల పీరియడ్ మానేసి సిగ్గు మానడం నేర్పుతున్నాను.

"అది అత్త కాదర్రా. ఇనుము. స్తంభం ముందు మీకు మొహమాటం ఉందా? లేదు కదా. అలాగే ఇది కూడా." పిల్లలు కిసకిసలాడారు. సింహాద్రి అనే బొద్దుపిల్లాడొకడు ఉండేవాడు, ఇప్పుడు బొద్దు పోయి పేరు మిగిలింది. వాడు లేచి, "గరిటెత్తని ఇనుమంటే దానికి కోపమొస్తాదేమో టీచరు," అన్నాడు.

"వస్తే రానీ. నీకొచ్చిన ఆకలి కంటేనా?"

పళ్ళెం చాపడం, "ఇంకా" అనడం. రోజంతా ఇదే పాఠం. ఆకలేస్తోందని పైకి అనడం మన పిల్లలకి బూతుమాట అన్నంత కష్టమయింది. సాయంత్రానికి సింహాద్రి గొంతు చించుకుని "ఇంకా" అన్నాడు. వాణ్ణి చూసి మిగతావాళ్ళు అందుకున్నారు.

నమోదు 11

ఇవాళ మధ్యాహ్నం బంతిలో సగం మందికి పైగా గరిటెత్త ముందు పళ్ళెం చాపారు. అది ఒక్కో పళ్ళెం దగ్గరా ఆగి ఆగి వేసింది. ఇంతమంది అడిగేసరికి తెచ్చింది చాలక ఖాళీ గరిటెతో నిలబడిపోయింది కూడా. పిల్లలు పడీ పడీ నవ్వారు. పోలి చాపలేదు. కానీ చెయ్యి అడ్డం పెట్టలేదు. ఒడిలో పెట్టుకుని కూర్చుంది. గరిటెత్తకి అది అర్థం కాక కాసేపు ఆగి, కాస్తంత వేసి పోయింది. పోలి గబగబా తినేసి నా వంక చూసింది.

నాకు చాలా సంతోషంగా ఉంది. ఈ పలక మీద ఇంతకుముందెప్పుడూ ఆ మాట రాయలేదు కాబట్టి ఇవాళ రాస్తున్నాను.

నమోదు 12

పరీక్ష అయిపోయింది.

నేను అడిగినట్టే చేశారు. గరిటెత్తని మూలకి నెట్టి, హెన్రిక్ గారూ, సభ నుంచి ఇంకో ఇద్దరూ తెల్ల అంగీలు తొడుక్కుని గరిటెలు పట్టుకుని వచ్చారు. చూడ్డానికి తల్లుల్ని కూడా పిలిచారు. దానమ్మ పని మానుకుని వచ్చి, ఉన్న ఒక్క మంచి చీరా కట్టుకుని గోడ వారన నిలబడింది. పెద్దమనుషులు లోపలికి అడుగుపెట్టగానే పిల్లలంతా లేచి నమస్కారం పెట్టారు. ఆ నమస్కారం చూసినప్పుడే నేను చేసిన తప్పు తెలిసింది.

ఇనుము ముందు సిగ్గుపడకూడదని నేర్పాను. వచ్చింది ఇనుము కాదు, చుట్టాలు. ఇంటికొచ్చిన పెద్దవాళ్ళు తమ చేత్తో వడ్డిస్తుంటే ఏం చెయ్యాలో వీళ్ళకి నేను నేర్పక్కర్లేదు, ఉగ్గుపాలతో నేర్చుకున్నారు.

మొదటి వడ్డన తిన్నారు. రెండోది మొదలైంది. మొదట సింహాద్రి. హెన్రిక్ గారు వంగి, చిరునవ్వుతో గరిటె చూపించాడు. వాడు నా వంక చూశాడు, ఆయన వంక చూశాడు, చెవులు ఎర్రబడ్డాయి. చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయన మరుక్షణమే గరిటె వెనక్కి తీసుకుని, వాడి తల నిమిరి ముందుకు జరిగాడు. ఆ పక్క పిల్ల చెయ్యి, ఆ పక్క పిల్లాడి చెయ్యి. ఒక్కరి తర్వాత ఒక్కరు.

"ఇంకొక్కసారి అడగండి," అన్నాను.

"బిడ్డలు స్పష్టముగా నిరాకరించుచున్నారు," అంది చెవిలోని ముక్క.

చివరికి పోలి దగ్గరికి వచ్చారు. పోలి తల వంచుకునే ఉంది. తర్వాత రెండు చేతులతో పళ్ళెం అంచు పట్టుకుని ముందుకు తోసింది. కొంచెమే. కానీ తోసింది. ఆ బంతిలో అంత ధైర్యం చేసింది అదొక్కతే. హెన్రిక్ గారి మొహం వెలిగింది. గరిటె వంచబోయాడు.

"సాలండి బాబూ, సాలు." దానమ్మ గోడ వార నుంచి పరుగున వచ్చేసింది. "మా గుంట ఎక్కువ తినదండి. మీరు శ్రమపడకండి." అంటూ తన చెయ్యే కూతురి పళ్ళేనికి అడ్డం పెట్టింది.

ఆమె మొహం నాకు కనిపిస్తూనే ఉంది. ఆ కిచిడీ వంక ఆకలిగా చూస్తోంది, నోటితో చాలు చాలంటోంది. ఎదుటి మనిషి ఇంకొక్క మాట అంటే చాలు, చెయ్యి తీసేస్తుంది. ఆ మాట కోసమే ఎదురుచూస్తోంది. హెన్రిక్ గారు అనలేదు. తల్లిని గౌరవించి, కొంచెం వెనక్కి జరిగి నిలబడ్డాడు.

నేను ఆగలేకపోయాను. ఆయన చేతిలో గరిటె లాక్కున్నాను. దానమ్మ చెయ్యి పక్కకి తోసి, "తినవే నా తల్లీ, నా మాట విను, తిను," అంటూ పోలి పళ్ళెంలో వేశాను. ఒకటి వేశాక ఇంకోటి వేశాను. పోలి తలెత్తకుండా మొత్తం తినేసింది. సింహాద్రి పళ్ళెంలో వెయ్యబోతుంటే సభవాళ్ళు నన్ను పట్టుకున్నారు.

సభ తీర్మానం సాయంత్రానికే వచ్చింది. పిల్లలు నిరాకరించారు, తల్లి కూడా నిరాకరించింది, టీచరు నిషేధాన్ని మీరి పిల్ల చేత బలవంతంగా తినిపించింది. తగ్గిన వాటాయే ఖాయం. నన్ను భోజనశాల నుంచి తప్పించారు. ఈ పలక వారం చివర్న అప్పగించాలట.

నమోదు 13

పోలి తూకం అయింది. గీత దిగింది. నేను వేసిన రెండు గరిటెలు ఏ మూలకీ రాలేదు.

ఓడ రేవులో ఆగి ఉండగా దానమ్మతో కలిసి వెళ్ళాను. పోలి చేతికి తెల్ల పట్టీ కట్టారు. ఎక్కే ముందు వాళ్ళమ్మ మెడ పట్టుకుని వేలాడింది. ఓడమనిషి ఓపిగ్గానే నిలబడ్డాడు, తర్వాత నెమ్మదిగా విడదీశాడు. మేం తాడు దగ్గర ఉండిపోయాం. దానమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రోజు చెయ్యెందుకు అడ్డం పెట్టావని నేనూ ఆమెని అడగలేదు. అడిగితే బతికుండగా ఆమె ఇంకో ముద్ద మింగలేదు.

ఓడ కదిలాక దానమ్మ అడిగింది.

"అక్కడ ఎవులు వడ్డిస్తారు టీచరమ్మా?"

అబద్ధం చెప్పడానికి నాకు ఓపిక లేకపోయింది. "ఎవరూ వడ్డించరు దానమ్మా. ముక్కులోంచి గొట్టం వేసి పోస్తారు."

"కావాలా ఒద్దా అని అడుగుతారేటి?"

"అడగరు."

ఆమె చీర చెంగుతో మొహం తుడుచుకుంది.

"పోన్లెండి," అంది. "అడిగితే ఒద్దనీసేది."